బకెట్ పేరు నల్లగొండ

మర్రిగూడ దాటినంక మూడో బోరింగు కాడ జీపు ఆగింది.
నేనప్పటికే చైను విప్పి, వాషరు మార్చి
గ్రీజు చేతులు మట్టికి రుద్దుకుంటున్న.
ముందు ఆఫీసు సారు దిగిండు,
ఎనక పట్నపు సార్లు ఇద్దరు, తర్జుమా చేసే పోరడు,
ఆఖరుకు ఆమె.
మా పెద్దమ్మ బిడ్డ లెక్కనే నల్లగ, సన్నగ,
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది మా తీరుగనే.

"ఇథియోపియా నుంచి" అన్నడు సారు.
"రెండు దేశాల నడుమ నీళ్ళ ఒప్పందం."
నాకెరుకైన ఒప్పందం ఒక్కటే:
రెండు వాడలకు ఒక ట్యాంకరు,
పొద్దుగాల వాళ్ళు, మాపటికి మేము,
అదన్నా మూడు దినాలు నిలువలే.

ఆమె పేరు ఆయంతు.
నవ్వొస్తే అరచెయ్యి నోటికి పోతది.
ఆ చెయ్యి నాకు తెలుసు.
మా సైదక్క పెండ్లి ఫోటోల
కొంగు మూతి మీదనే ఉంటది.

గాలికి సీసా మూత దొర్లింది, పట్టబోయి చెయ్యి తీసింది.
పండ్ల మీద అదే గార,
ఎన్ని బొగ్గులు రుద్దినా పోని ఎర్ర చారలు.
మా బోరింగుకే ఎవరో
సముద్రం కింద నుంచి పైపేసినట్టు.

లోతెంతని అడిగింది.
"మొదలు నూటయాభై ఫీట్లు. ఎండింది.
మున్నూరు దించినం. ఇంకా చేదైంది."
పోరడు చెప్పకముందే తలకాయ ఊపింది.
పుల్లతోని నేల మీద గీత గీసింది:
వాళ్ళ కాడ భూమి నిలువున చీలి ఉంటదట,
చీలిక పొంటి అగ్గికొండలు, చెరువులు.
మా కాడ చీలిక లేదు, ఉత్త గుండ్లు.
రాళ్ళకు చుట్టరికం ఎట్ల కలిసిందో
వాటినే అడగాలె.

అప్పుడొక మాటన్నది.
పోరడు రెండుమార్లు అడిగిగాని చెప్పలే.
"మా ఊర్లె నల్లగొండ అంటే బకెట్."

పటిక ఏసి, సున్నం ఏసి,
కట్టెతోని తిప్పి తిప్పి
తెల్లారేదాక తేర్చే బకెట్.
వాళ్ళమ్మ రోజూ మాపటికి కేకేసేదట:
"పిల్లా, నల్లగొండ నింపినవా?
నల్లగొండ మీద మూత పెట్టు, కోళ్ళు ముడతయి."
ఇరవై ఏండ్లు వచ్చేదాక ఆమెకు తెల్వదట
అదొక ఊరని, ఆ ఊర్ల మనుషులుంటరని,
వాళ్ళు గూడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటరని.

నేను నవ్విన. సార్లు నవ్వలే.
మా బడి ఎనక గూడ అసొంటి డ్రమ్ము ఒకటుండె.
పటిక వచ్చుడు ఆగినంక
దాంట్ల సిమెంటు సంచులు పెడుతున్నరు.
ఉపాయం మా పేరు పెట్టుకొని దేశాలు తిరిగింది,
మేమే దానికి మూత తీయలే.

సైదక్క అరుగు మీద నిలబడే ఉంది.
కూసుంటే లేవది గనుక నిలబడే ఉంటది.
పక్కకు చూడాలంటే మెడ తిరగదు,
మనిషే మొత్తం తిరగాలె, దర్వాజ తీరు.
ఆయంతు పోయి ఎదురుంగ నిలబడ్డది.
గదవ ఛాతికి ఆనించమని సైగ చేసింది.
అక్క తలకాయ గింతంత వంగి ఆగింది.
ఆయంతు తనది వంచి చూపెట్టింది.
నాలుగేళ్ళ ఎడముల అదీ ఆగింది.
ఇద్దరు అట్లనే నిలబడ్డరు,
దండం పెట్టబోయి మరిచిపోయినట్టు.

"బోరుయి వద్దురా" అని అక్క నా మీద గుర్రుమన్నది.
"నల్లా నీళ్ళు పొయ్యి ఆ పిల్లకు, కృష్ణయి."
మరాఠోళ్ళు, కన్నడోళ్ళు తాగంగ,
పొలాలు తాగంగ, కోర్టుల కాయిదాలు తాగంగ
దినం తప్పి దినం వచ్చే కృష్ణ.
ఆయంతు ఎత్తి గడగడ తాగింది.
చెంబు అడుగున మిగిలినయి పారబొయ్యలే,
జామ మొక్క మొదట్ల పోసింది.

సీసా చీటీ మీద వాళ్ళ లిపిల రాసింది,
నిలబడ్డ మనుషుల లెక్కున్నయి అక్షరాలు.
ఏం రాసినవంటే "నల్లగొండ" అన్నది.
ఊరో, బకెట్టో
అడుగుదామనుకునే లోపల జీపు కదిలింది.

రాత్రి పండుకునేముందు అక్క గోడకానుకొని అడిగింది:
"వాళ్ళమ్మకు మెడ వంగుతదారా?
అడిగినవా?"

అడగలే.